గడ్డి పట్టిన బీడుకు లేజర్ లెవలర్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ డబ్బు దండగ

కొన్నేళ్లు పడావు పడి గరిక, తుంగ, దర్భ అల్లుకుపోయిన పొలాన్ని మళ్లీ సాగులోకి తెద్దామనుకునే రైతు ముందుగా వాకబు చేసేది లేజర్ లెవలర్ గురించే. పక్క ఊళ్లో వేశారట, మడి అద్దంలా వచ్చిందట అని వింటారు. లేజరు కిరణాన్ని ఆనవాలుగా పెట్టుకుని నేలను చదును చేసే ఈ యంత్రం నిజంగానే మంచిది. 50 హెచ్‌పీ ట్రాక్టరు వెనక లాగే 7 అడుగుల బకెట్టు గురించి ఈ సమీక్ష. తేల్చాల్సిన మాట మొదటే చెప్పేస్తాను. దున్ని, ఆరబెట్టి, వేర్లు ఏరేసిన మట్టి మీద దీనికి సాటి వచ్చే పనిముట్టు లేదు. పచ్చి గడ్డి మీదకు నేరుగా దింపితే మాత్రం మామూలు బ్లేడు ట్రాక్టరు చేసే పని కంటే గొప్పగా ఏమీ రాదు, గంటల బిల్లు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. బీడు విషయంలో డబ్బు పెట్టాల్సింది ముందు దుక్కికి, ఆ తర్వాతే లేజరుకు.

చాలామంది ముందు బ్లేడుతోనే మొదలుపెడతారు కాబట్టి అది ఎందుకు సరిపోదో చూద్దాం. ట్రాక్టరు వెనక మూడు లింకులకు తగిలించే లెవలింగ్ బ్లేడు ట్రాక్టరు ఎలా ఊగితే అలా ఊగుతుంది. ముందు చక్రాలు చిన్న మిట్ట ఎక్కగానే వెనక బ్లేడు కిందికి దిగి గొయ్యి తవ్వుతుంది. వెనక చక్రాలు అదే మిట్ట ఎక్కేసరికి బ్లేడు పైకి లేచి మట్టి వదిలేస్తుంది. అంటే ఉన్న ఎత్తుపల్లాలు పోకపోగా, కాస్త పక్కన కొత్తవి పుడతాయి. అనుభవమున్న డ్రైవరు లివరును ఫ్లోటులో (బ్లేడు నేలను బట్టి స్వేచ్ఛగా కదిలేలా) పెట్టి, తక్కువ గేరులో, పొలానికి ఐమూలగా రెండు దిక్కులా తోలితే ఈ అలలు తగ్గుతాయి, కానీ పోవు. మూడు లింకుల్లో పైదైన టాప్ లింకు పొట్టిగా బిగిస్తే అంచు కోసుకుని లోపలికి దిగుతుంది, పొడుగ్గా వదిలితే పైపైన నున్నగా రుద్దుకుంటూ పోతుంది. ఈ ఒక్క మర తిప్పడం తెలియని డ్రైవరు చేతిలో బ్లేడు పొలాన్ని పాడుచేస్తుంది.

ముందు వైపు డోజర్ బిగించిన ట్రాక్టరు వేరే సంగతి. పుట్టలు, పాత గట్లు, కాలవ ఒడ్డున పోగుపడ్డ మట్టి దిబ్బలు నెట్టడానికి అదే సరైనది. అయితే డ్రైవరు కంటికి ఆనే తేడా ఐదారు సెంటీమీటర్లు. అంతకంటే సన్నటి పని దానివల్ల కాదు.

లేజర్ లెవలర్ ఇక్కడే వేరుపడుతుంది. బకెట్టుకు సొంత చక్రాలు ఉంటాయి, ట్రాక్టరు ఊగినా దాని ఎత్తును నడిపేది లేజరు. స్టాండు మీద ట్రాన్స్‌మిటర్ గుండ్రంగా తిరుగుతూ పొలం మీదుగా ఒక సమతలాన్ని పరుస్తుంది. బకెట్టు మీది స్తంభానికి బిగించిన రిసీవరు ఆ కిరణాన్ని పట్టుకుంటుంది. రిసీవరు కిరణానికి కిందకు పోతే కంట్రోల్ బాక్సు కరెంటుతో నడిచే సోలినాయిడ్ వాల్వును తెరిచి జాకీతో బకెట్టును ఎత్తుతుంది, పైకి పోతే దించుతుంది. డ్రైవరు చూసుకోవాల్సింది స్టీరింగు, బకెట్టులో ఎంత మట్టి నిండింది అన్నదే. బాగా చేసిన మడిలో ఎక్కడ కొలిచినా సగటుకు అటూ ఇటూ 2 సెంటీమీటర్ల లోపే వస్తుంది. డ్రమ్ సీడరుతో నేరుగా విత్తే వరికి ఈ 2 సెంటీమీటర్లే ప్రాణం. పల్లంలో నీరు నిలిచి విత్తనం కుళ్లుతుంది, మిట్ట మీద మట్టి ఎండి ఊద గడ్డి లేస్తుంది.

ఇక గడ్డి సంగతి. బీడులో సగం గెలుపు ఇక్కడే.

గరిక చాపలా పరుచుకున్న నేల మీదకు బకెట్టు వెళ్తే గడ్డి మట్టితో సహా చుట్టుకుని అంచుకు అడ్డం పడుతుంది. బకెట్టు ఆ చుట్ట మీద ఎక్కి జారుతుంది. కింద మట్టి కోసుకోదు. ఇంకో చేటు కొన్ని నెలల తర్వాత బయటపడుతుంది. మిట్ట మీద గీకిన గడ్డి చాపలు వెళ్లి పల్లంలో పడతాయి. అక్కడ అవి కుళ్లి కుంగేసరికి సరిగ్గా పాత పల్లం ఉన్న చోటే మళ్లీ నీళ్లు నిలుస్తాయి. లేజరు తప్పు చూపించిందని యంత్రం వాడిని తిడతారు. తప్పు లేజరుది కాదు, పూడ్చినదాంట్లో మట్టి కంటే గడ్డి ఎక్కువ.

కాబట్టి వరస ఇలా ఉండాలి. మొదట స్లాషరుతో గానీ బ్రష్ కట్టరుతో గానీ గడ్డిని నాలుగు వేళ్ల ఎత్తుకు కోసి, కోసినదాన్ని పొలం బయటకు చేర్చాలి. తర్వాత ఏప్రిల్, మే నెలల్లో రెక్క నాగలితో 20 నుంచి 25 సెంటీమీటర్ల లోతు తిరగేయాలి. పెళ్లలు తలకిందులై వేర్లు ఎండకు ఆరాలి. కనీసం రెండు వారాలు అలా వదిలేస్తే గరిక కణుపులు ఎండి పుల్లలవుతాయి. అప్పుడు 9 చెక్కల గొర్రుతో నిలువు ఒకసారి, అడ్డం ఒకసారి తోలితే ఎండిన వేర్లు పైకి తేలతాయి. వాటిని ఏరి గట్టు దాటించాలి. పొలంలోనే కుప్ప వేస్తే ఆ కుప్ప బకెట్టులోకే వస్తుంది.

రోటావేటరు ఎప్పుడు అన్నది చాలామంది తప్పు చేసే చోటు. పచ్చి గరిక మీద రోటావేటరు తోలితే పైకి పొలం శుభ్రంగా కనిపిస్తుంది, చూడ్డానికి ఎంతో హాయిగా ఉంటుంది. కానీ ఎల్ ఆకారపు బ్లేడ్లు కణుపులను ముక్కలు చేస్తాయి, తడి తగలగానే ప్రతి కణుపూ ఒక మొక్కవుతుంది. తుంగ గడ్డలు కూడా చెదిరి పొలమంతా పాకుతాయి. వేర్లు ఎండి, ఏరేసిన తర్వాత పెళ్లలు చితకడానికి ఒక్కసారి తోలితే చాలు. ఎక్కువసార్లు తోలితే మట్టి పిండి అవుతుంది, పిండి మట్టి పూడ్చిన చోట ఎక్కువ కుంగుతుంది.

దున్నే ముందు పొలం అంతా నడిచి చూడటం అవసరం. చెద పుట్టలు, పాత గట్లలో ఎలుక బొరియలు, కొట్టేసిన తుమ్మ మొద్దులు గడ్డి కింద కనపడవు. పుట్టను జేసీబీతో అడుగుదాకా తవ్వి, మట్టిని పొరలు పొరలుగా పరిచి తడిపి తొక్కించాలి. పైపైన చదును చేసి వదిలిన పుట్ట మొదటి తడికే గుంటవుతుంది. బొరియలూ అంతే. ఎర్ర నేలల్లో రాయి తగిలితే బకెట్టు అంచు వంగుతుంది, ఆ అంచు వంపు పొలమంతా గీతగా పడుతుంది.

మట్టి తేమ చేతితో చూడొచ్చు. గుప్పెడు మట్టి పిసికి వదిలితే ఉండ కట్టి, కింద పడగానే పగలాలి. చేతికి అంటుకుంటే నల్లరేగడిలో బకెట్టు పోయినంత దూరం నిండిన మట్టి లోపలే కరుచుకుంటుంది, వదలదు. రాయిలా గట్టిపడితే అంచు జారుతుంది. బకెట్టు వదులు మట్టిని మోసే యంత్రం, గట్టి నేలను తవ్వే యంత్రం కాదు. అందుకే మిట్టల మీద పై పొర పోయి గట్టి నేల తేలాక బకెట్టును ఆపించి, ఆ చోట గొర్రుతో ఇంకోసారి దున్నించి, మళ్లీ లేజరు మొదలుపెట్టాలి. ఈ ఆగడం ఇష్టం లేని డ్రైవర్లు ఉంటారు. పని ఒప్పుకునేటప్పుడే మాట్లాడుకోవాలి.

ఇప్పుడు సర్వే. దీన్ని ఎగ్గొట్టి నేరుగా పనిలోకి దిగే సర్వీసును నేను నమ్మను. పొలంలో 10 మీటర్లకో చోట గళ్లు గీసినట్టు కర్ర నిలబెట్టి, దాని మీద లేజరు కిరణం తగిలే కొలత రాసుకోవాలి. ఎకరం చదరంగా ఉంటే ఒక వైపు 63, 64 మీటర్లు, అంటే దాదాపు 40 కొలతలు. అంకె పెరిగితే అక్కడ నేల లోతు, తగ్గితే ఎత్తు. ఉదాహరణకు సగటు 142 సెంటీమీటర్లు, ఎత్తైన చోట 131, లోతైన చోట 155 వచ్చాయనుకోండి. ఎత్తు చోట 11 తీయాలి, లోతు చోట 13 పోయాలి. ఇలా రాసిన కాగితం చేతిలో ఉంటే ఎన్ని గంటలు పడుతుందో అంచనా దొరుకుతుంది, మధ్యలో వాదనలూ ఉండవు.

ఎకరం 4,047 చదరపు మీటర్లు. అందులో సగం మీద సరాసరి 5 సెంటీమీటర్ల మట్టి తీసి మిగతా సగంలో పోస్తే కదిలేది దాదాపు 100 ఘన మీటర్లు. ట్రాక్టరు ట్రాలీ 100 ఘనపు అడుగులు పట్టేదైతే 35 ట్రాలీల మట్టి. 'కొంచెమే ఎత్తుపల్లం' అన్నప్పుడు ఉండేది ఇంత మట్టి. దూరం కూడా చూడాలి. మిట్ట ఒక కొస, పల్లం ఇంకో కొస ఉంటే అదే మట్టికి గంటలు బాగా పెరుగుతాయి.

ఏ చోటైనా కోత 15 సెంటీమీటర్లు దాటుతుంటే ఒకే మడి చేయాలన్న పట్టుదల వదులుకోవాలి. మధ్యలో గట్టు వేసి రెండు మడులు చేస్తే తీసే మట్టి చాలా తగ్గుతుంది, పై మట్టి మిగులుతుంది. పంటను పోషించేది ఆ పై మట్టే. ఎర్ర నేలలో లోతుగా గీకితే గరప తేలుతుంది, నల్లరేగడిలో సున్నపు గుల్లలు తేలతాయి. అలా గీకిన చోట తొలి ఏడాది వరి పసుపెక్కి, ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చాయంటే చాలావరకు అది జింకు లోపం. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయకూడదు, రెండూ వేర్వేరు రోజుల్లో వేయాలి. పశువుల ఎరువును పొలమంతా పలచగా చల్లే బదులు గీకిన చోట్లకే దట్టంగా వేస్తే తేడా కనిపిస్తుంది. లోతు కోత తప్పనిసరైన చోట పై మట్టిని ముందుగా ఒక పక్కకు నెట్టి, కింది మట్టితో చదును చేసి, మళ్లీ పై మట్టిని పరిచేవాళ్లు ఉన్నారు. ఖర్చు ఎక్కువ, పని మాత్రం గొప్పగా ఉంటుంది.

యంత్రం అమర్చే తీరు: స్టాండును గట్టి నేల మీద, ట్రాక్టరు తొక్కని చోట పెట్టాలి. కొత్తగా వేసిన గట్టు మీద పెడితే పొద్దెక్కేసరికి కాలు కుంగుతుంది. ట్రాన్స్‌మిటర్ ట్రాక్టరు కప్పు కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే ట్రాక్టరు తిరిగినప్పుడల్లా కిరణం తెగుతుంది. చెట్లు, కరెంటు స్తంభాలు అడ్డం వచ్చే చోటూ అంతే. 300 మీటర్ల లోపు పని చేయిస్తే మంచిది. పక్క పొలంలో ఇంకో లేజరు తిరుగుతుంటే మీ రిసీవరు దాని కిరణాన్ని కూడా పట్టుకోవచ్చు. బకెట్టు కారణం లేకుండా ఎగిరి పడుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. గాలి ఎక్కువుంటే స్టాండు వణుకుతుంది, ఎండాకాలం మధ్యాహ్నాల కంటే ఉదయం పని మేలు.

సగటు ఎత్తున్న చోటుకు బకెట్టును తీసుకెళ్లి, అంచు నేలకు 1, 2 సెంటీమీటర్ల పైన ఉంచి, రిసీవరు మధ్య దీపం వెలిగేలా స్తంభాన్ని జరిపి బిగించాలి. మొదటి చుట్టులోనే మొత్తం కోత తీయాలని చూస్తే ట్రాక్టరు గుంజలేక ఆగిపోతుంది. పైపైన గీకి, తర్వాత కొద్దికొద్దిగా దించాలి. పోసిన మట్టి వదులుగా ఉండి తర్వాత కుంగుతుంది కాబట్టి తీసేది పోసేదానికంటే కొంచెం ఎక్కువ పడాలి. పోసే మట్టి 1 భాగమైతే తీసేది 1.2 భాగాలు అన్నది మంచి లెక్క.

తోలే పద్ధతి: ఎత్తు నుంచి పల్లానికి చుట్లుగా తిరుగుతూ, బకెట్టు నిండబోతుంటే వెంటనే పల్లం వైపు మళ్లాలి. పొలమంతా అయ్యాక చివరి దఫా పొడవాటి వరసల్లో, ఎత్తు కొస నుంచి లోతు కొసకు. కంట్రోల్ బాక్సులో సున్నితత్వం సర్దే వీలుంటే మొదటి చుట్లలో మొరటుగా, ఆఖరి దఫాలో సన్నగా పెట్టాలి. మొదటి నుంచీ సన్నగా పెడితే వాల్వు ఊరికే కొట్టుకుంటుంది, ఆయిలు వేడెక్కుతుంది. పాత ట్రాక్టర్ల హైడ్రాలిక్ పంపు అరిగి ఉంటే బకెట్టు ఆలస్యంగా లేస్తుంది, ఆలస్యంగా దిగుతుంది. నేల మీద దగ్గరదగ్గరగా అలలు పడతాయి. ఆ అలలు కనపడితే వేగం తగ్గించమనాలి. అప్పటికీ పోకపోతే లోపం ట్రాక్టరుది.

అద్దెకు తెచ్చుకునేవారు చూడాల్సిన ఒక చిన్న విషయం ఉంది, ఎవరూ చెప్పరు. బకెట్టు మీద స్తంభం ఒక్కటే, రిసీవరూ ఒక్కటే. అది ఎత్తును చూస్తుంది గానీ వాలును చూడదు. బకెట్టు చక్రాల్లో ఒకదానికి గాలి తగ్గితే బకెట్టు ఒక పక్కకు ఒరిగి, ఆ పక్క లోతుగా కోస్తుంది. దీపం మాత్రం అన్నీ బాగున్నట్టే చెబుతుంది. పని మొదలుకాకముందు సిమెంటు గచ్చు మీద బకెట్టును దించించి, అంచు కింద రెండు కొసల్లో సందు సమానంగా ఉందో లేదో చూడండి. రెండు నిమిషాల పని. అంచు కొసలు ముందుగా అరుగుతాయి, అరిగితే తిరగేసి బిగించుకునేలా బోల్టులతో వస్తుంది. స్తంభం బోల్టులు వదులైతే రిసీవరు మధ్యలో జారి సమతలమే మారిపోతుంది. దీనికి విరుగుడు గట్టు బయట కదలని చోట ఒక గురుతు. బావి చప్టా గానీ రాతి కడీ గానీ చాలు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి దాని మీద కర్ర కొలత తీయిస్తే స్టాండు కుంగిందా అన్నది తెలిసిపోతుంది.

అద్దె గంటల లెక్కన ఉంటుంది. గంట మీటరు అంకెను మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు మీరే రాసుకోండి. సర్వేకు, స్టాండు మార్చడానికి పట్టే సమయం బిల్లులో కలుస్తుందా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి. ఎకరానికి ఇంత అని గుత్తకు ఒప్పుకునేవారు సాధారణంగా రెండు చుట్లతో ముగిస్తారు. గుత్త ఒప్పుకుంటే 'సగటుకు అటూ ఇటూ 2 సెంటీమీటర్లు, చివర్లో మళ్లీ కర్ర కొలత' అన్న షరతుతో ఒప్పుకోండి. గడ్డి వేర్లు ఏరకుండా పిలిస్తే ఏ షరతూ నిలవదు, అది మాత్రం రైతు బాధ్యతే.

ఎవరికి దండగ? వాలు ఎక్కువున్న చెలకల్లో, వర్షాధార మెట్టలో దీనితో పనిలేదు. అక్కడ వాలుకు అడ్డంగా గట్లు వేసుకోవడమే సరైనది. మామిడి, బత్తాయి తోటలకు డ్రిప్పు ఉంటే చిన్న ఎత్తుపల్లాలతో నష్టం లేదు. బోదె కాలువల తడుపుతో మొక్కజొన్న, కూరగాయలు వేసేవారు సున్నా వాలు కాకుండా 100 మీటర్లకు 10 నుంచి 30 సెంటీమీటర్ల వాలు పెట్టించుకోవాలి, ట్రాన్స్‌మిటర్‌లో వాలు సెట్టింగు ఉన్నదే తెప్పించాలి. వరి, చెరకు మాగాణుల్లో మాత్రం నీటి తడులు తగ్గడంలోనే ఖర్చు తిరిగొస్తుంది. అద్దె యంత్రం దొరకని చోట డోజరుతో మిట్టలు నెట్టించి, ఆపైన దమ్ములో నీరు పెట్టి పలక లాగించుకోవచ్చు. చిన్న మడులకు ఇప్పటికీ అది మంచి పద్ధతే.

పని అయ్యాక తనిఖీకి లేజరే అక్కర్లేదు. మేస్త్రీలు వాడే పారదర్శక నీటి ట్యూబుతో నాలుగు మూలలూ, మధ్యా చూసుకోవచ్చు. అంతకంటే ఖచ్చితంగా తెలియాలంటే గట్లు కట్టి పలచగా నీరు పెట్టండి. ఎక్కడెక్కడ నేల తేలిందో, ఎక్కడ ముదురు రంగు నీళ్లు నిలిచాయో గట్టు మీద నుంచే కనిపిస్తుంది. ఆ చోట్లలో కర్రలు పాతి గుర్తు పెట్టుకుంటే వచ్చే వేసవిలో ఒక చిన్న దఫాతో సరిపోతుంది. కొత్తగా పూడ్చిన నేల తొలి ఏడాది కుంగడం మామూలే.

ట్రాక్టరు చక్రాలు తిరిగి తిరిగి తొక్కిన నేల గట్టిపడుతుంది. చదును అయిన వెంటనే గొర్రుతో తేలికగా ఒకసారి కదిలించాలి. తర్వాత ఏటా దుక్కి ఎలా చేస్తారన్న దాని మీదే చదును ఎన్నాళ్లు నిలుస్తుందో ఆధారపడి ఉంటుంది. ఒక వైపుకే పడే రెక్క నాగలితో బయట నుంచి లోపలికి చుట్లు తోలితే మట్టి గట్ల వైపు పోగుపడి, నడుమ కాలవ మిగులుతుంది. మధ్య నుంచి మొదలుపెట్టి బయటకు తోలాలి, లేదా రివర్సిబుల్ నాగలి వాడాలి. ఈ జాగ్రత్త తీసుకుంటే మూడు, నాలుగేళ్లకోసారి పైపైన ఒక దఫా చేయిస్తే చాలు.